గే వ్యక్తిగా విదేశంలో నివసించడానికి నగరాన్ని ఎంచుకోవడం ఎలా?

గే ప్రయాణికులకు అనుకూలమైన పది నగరాలంటూ ప్రతి జూన్ నెలలో జాబితాలు వస్తాయి. క్లబ్బులు, బీచ్‌లు, ప్రైడ్ ఊరేగింపులు చూసి వారం తరువాత తిరిగి వచ్చేవారికి అవి సరిపోతాయి. అక్కడే ఇల్లు అద్దెకు తీసుకుని, ఉద్యోగం చేసుకుంటూ, ప్రేమించిన మనిషితో కలిసి బతకాలనుకునేవారికి వాటితో పెద్దగా పని జరగదు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో చదువుకో, ఉద్యోగానికో బయలుదేరే గే యువకుడు నగరాన్ని ఎలా ఎంచుకోవాలో ఇక్కడ చెబుతున్నాను. లెస్బియన్ జంటలకు కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీ భాగస్వామి మీతో కలిసి ఉండడానికి ఆ దేశం ఏ వీసా ఇస్తుందన్నదే అసలు ప్రశ్న. వీధిలో ఎగిరే రంగుల జెండా సంగతి తరువాత చూసుకోవచ్చు.

1. వెళ్లకూడని చోట్లను ముందే కొట్టేయండి

సౌదీ అరేబియా, యూఏఈ, ఖతార్, కువైట్‌లలో మగవారి మధ్య లైంగిక సంబంధం నేరం. మలేసియాలో దానికి ఇరవై ఏళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. కరీంనగర్, నిజామాబాద్ వైపు చాలా కుటుంబాలకు గల్ఫ్‌లో బంధువులున్నారు కాబట్టి అక్కడి ఉద్యోగం తేలికగా దొరుకుతుంది, జీతం కూడా ఆకర్షిస్తుంది. తలుపులు వేసుకుని మన బతుకు మనం బతికితే ఎవరికి తెలుస్తుందని కొందరు అంటారు. భయపడాల్సింది పోలీసులకు మాత్రమే కాదు. మీతో గొడవపడిన సహోద్యోగి, బాకీ ఎగ్గొట్టాలనుకున్న స్నేహితుడు, ఇంటి యజమాని, ఎవరైనా మిమ్మల్ని బెదిరించవచ్చు. అప్పుడు ఫిర్యాదు చేయడానికి మీకు చోటు ఉండదు. యూఏఈలో నివాస వీసాకు హెచ్ఐవీ పరీక్ష తప్పనిసరి, పాజిటివ్ వస్తే దేశం నుంచి పంపేస్తారు. ఎంత జీతమిచ్చినా నేను ఈ దేశాలను సిఫారసు చేయను.

చట్టం ఈ రోజు ఎలా ఉందన్నదే కాకుండా ఎటు వెళుతోందో కూడా చూడండి. హంగరీ పార్లమెంటు 2025 మార్చిలో ప్రైడ్ ఊరేగింపులను నిషేధించే చట్టం చేసింది. ఆ జూన్‌లో బుడాపెస్ట్ వీధుల్లోకి జనం పెద్ద ఎత్తున వచ్చారు, కానీ చట్టం చట్టమే. థాయిలాండ్ మాత్రం 2025 జనవరి 23 నుంచి స్వలింగ వివాహాన్ని అమలులోకి తెచ్చింది. సింగపూర్ నడుమ ఉంది. మగవారి మధ్య లైంగిక సంబంధాన్ని నేరంగా చూసిన అక్కడి 377ఏ సెక్షన్ 2023 జనవరిలో రద్దయింది. అయితే పెళ్లి ఆడ, మగ మధ్యే అన్న నిర్వచనాన్ని ఎవరూ కోర్టులో సవాలు చేయలేని విధంగా, ఆ రద్దుతో పాటే రాజ్యాంగాన్ని సవరించారు. ఒంటరిగా కొన్నేళ్లు పనిచేసి రావడానికి సింగపూర్ మంచి నగరమే. భాగస్వామిని డిపెండెంట్‌గా, అంటే మీ మీద ఆధారపడిన కుటుంబ సభ్యుడిగా తీసుకెళ్లాలనుకుంటే దారి లేదు.

2. భాగస్వామి వీసా సంగతి తేల్చుకోండి

అందరూ వాయిదా వేసే పని ఇదే. ఇప్పుడు మీరు ఒంటరిగా ఉన్నా మూడేళ్ల తరువాత ఉండకపోవచ్చు.

భారత సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న స్వలింగ సంబంధాలను నేరం కాదని చెప్పింది. 2023 అక్టోబర్ 17న మాత్రం స్వలింగ వివాహాన్ని గుర్తించడానికి నిరాకరించింది. కాబట్టి ఇక్కడ మీకు వివాహ ధ్రువపత్రం రాదు. ఆ పత్రం లేకుండా భాగస్వామిని ఎలా తీసుకెళ్లాలన్నదానికి ఒక్కో దేశం ఒక్కో జవాబు చెబుతుంది.

అమెరికాలో హెచ్-4, ఎఫ్-2 వంటి డిపెండెంట్ వీసాలకు పెళ్లి కావాలి. పెళ్లి జరిగిన చోట అది చెల్లితే చాలు, మీ సొంత దేశం గుర్తించకపోయినా ఫర్వాలేదు. జర్మనీ కూడా పెళ్లి పత్రమే అడుగుతుంది. ఇలాంటి జంటలు కొందరు డెన్మార్క్ వెళ్లి పెళ్లి చేసుకుంటారు, అక్కడ నివాసం లేని విదేశీయులకు కూడా పెళ్లి చేస్తారు. జర్మనీలో బ్లూ కార్డు (నైపుణ్యమున్న విదేశీ ఉద్యోగులకిచ్చే అనుమతి) ఉన్న ఉద్యోగి జీవిత భాగస్వామికి వీసా కోసం జర్మన్ భాషా పరీక్ష అవసరం లేదు, మిగతావారిలో చాలామందికి అవసరం.

కెనడా, ఆస్ట్రేలియా పెళ్లి లేకపోయినా సహజీవనాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. రెండు దేశాలూ సాధారణంగా పన్నెండు నెలలు కలిసి బతికారన్న రుజువు అడుగుతాయి. ఆస్ట్రేలియాలో విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ వంటి రాష్ట్రాల్లో బంధాన్ని రిజిస్టర్ చేసుకుంటే పార్ట్‌నర్ వీసాకు ఆ పన్నెండు నెలల షరతు వర్తించదు. బ్రిటన్ పెళ్లి కాని జంటలకు కూడా వీసా ఇస్తుంది, కానీ రెండేళ్ల బంధాన్ని చూపించాలి. పైగా 2024 జనవరి నుంచి అక్కడ మాస్టర్స్ చదివేవారిలో చాలామంది డిపెండెంట్లను తీసుకెళ్లలేరు, పరిశోధన కోర్సులవారికే ఆ అవకాశం ఉంది. ఎంఎస్సీకి లండన్ వెళ్లి, తరువాత భాగస్వామిని పిలిపించుకుంటానని అనుకునేవారు ఈ సంగతి ఫీజు కట్టకముందే తెలుసుకోవాలి.

కలిసి బతికారని రుజువు చేయడమే కష్టం. ఇంట్లో వాళ్లు చూస్తారన్న భయంతో మన జంటలు ఫోటోలు తొలగిస్తారు, చాట్‌లు చెరిపేస్తారు, అద్దె ఒప్పందం ఒక్కరి పేరు మీదే రాయించుకుంటారు. వీసా అధికారి అడిగేవి సరిగ్గా అవే. ఈ రోజు నుంచే వాటిని చెరిపేయకుండా పోగుచేయడం మొదలుపెట్టండి. అద్దె ఒప్పందంలో ఇద్దరి పేర్లూ రాయించండి. క్వీర్ (గే, లెస్బియన్ వంటి) జంటలు ఉమ్మడి ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికి ఎలాంటి అడ్డంకీ లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. బ్యాంకు ఉద్యోగికి తెలియకపోతే ఆ ఉత్తర్వు ప్రతి తీసుకెళ్లి చూపించండి. పాస్‌వర్డ్ ఉన్న ఒక ఖాతాలో ప్రయాణ టికెట్లు, ఫోటోలు, ఒకే చిరునామాకు వచ్చిన బిల్లులు భద్రపరచండి.

3. తెలుగువాళ్లకు ఎంత దగ్గరగా ఉండాలో ఆలోచించండి

మరే దేశపు గే యువకుడికీ ఇచ్చే సలహాల్లో ఈ మాట ఉండదు, మనకు మాత్రం దీని మీద చాలా ఆధారపడి ఉంది. డాలస్, న్యూ జెర్సీ, బే ఏరియాల్లో దిగగానే ఎవరో తెలిసినవారు వచ్చి తీసుకెళ్తారు. ఆవకాయ దొరుకుతుంది, సంక్రాంతి ముగ్గుల పోటీలు జరుగుతాయి. నలుగురైదుగురు కలిసి ఉండే ఇంట్లో అద్దె సగానికి సగం తగ్గుతుంది. అదే ఇంట్లో మీ ఫోన్‌కు ఎవరి సందేశం వచ్చిందో అందరికీ కనిపిస్తుంది. శనివారం రాత్రి ఎక్కడికి వెళ్లారని అడుగుతారు. ఏ ఊరు, ఎవరి అబ్బాయి, సంబంధాలు చూస్తున్నారా అని ఆరా తీస్తారు. అక్కడి మాట ఆదివారంలోగా మీ అమ్మగారి చెవిన పడుతుంది. ఇంట్లో ఇంకా చెప్పనివారికి ఇది చిన్న విషయం కాదు.

అందుకని తెలుగువాళ్లకు పూర్తిగా దూరంగా పొమ్మని నేను అనను. ఒంటరితనం కూడా మనిషిని నలిపేస్తుంది. చిన్న యూనివర్సిటీ ఊరికి బదులు పెద్ద నగరాన్ని ఎంచుకోండి. అక్కడ తెలుగువాళ్లూ ఉంటారు, వాళ్ల కంట పడకుండా తిరగగలిగే వీధులూ ఉంటాయి. డబ్బు అనుమతిస్తే మొదటి ఏడాది యూనివర్సిటీ హాస్టల్లో విడి గది తీసుకోండి. అనుమతించకపోతే కలిసి ఉండండి, కానీ ఫోన్‌లో సందేశాలు తెర మీద కనిపించకుండా పెట్టుకోండి, అద్దె ఒప్పందాన్ని ఆరు నెలలకే చేసుకోండి.

దక్షిణాసియా గేల సంఘం ఉన్న నగరానికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో త్రికోణ్ అనే అలాంటి సంఘం 1986లోనే మొదలైంది. టొరంటోలో దక్షిణాసియావారి కోసం పనిచేసే ఎయిడ్స్ నివారణ సంస్థ ఏసాప్ 1989 నుంచి ఉంది, చర్చ్ వీధిలోని 519 సెంటర్‌లో కౌన్సెలింగ్ దొరుకుతుంది. అమ్మానాన్నలకు చెప్పడమంటే మనకు ఎంత బరువో అలాంటి చోట ఎవరికీ వివరించనవసరం లేదు. గే సమాజంలో కూడా చర్మం రంగు చూసి దూరం పెట్టేవారు ఉంటారు. డేటింగ్ యాప్‌లలో అది ముఖం మీదే కనిపిస్తుంది. అప్పుడు మనలాంటి వాళ్లు నలుగురు ఉండడం ఎంతో అవసరం.

4. పేరున్న పేట వద్దు, దానికి వెళ్లే రైలు చాలు

శాన్ ఫ్రాన్సిస్కోలో కాస్ట్రో, బెర్లిన్‌లో షోనెబెర్గ్, మాడ్రిడ్‌లో చుయెకా వంటి చోట్ల అద్దెలు మామూలు జీతానికి అందవు. అదే మెట్రో లైన్‌లో అరగంట దూరంలో ఇల్లు చూసుకోండి. ఆఖరి రైలు ఎన్ని గంటలకో తప్పక కనుక్కోండి.

5. ఆరోగ్యం, చెడ్డ రోజు

హెచ్ఐవీ రాకుండా కాపాడే ప్రెప్ మాత్రలు ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ద్వారా 2020 నుంచి ఉచితం. జర్మనీలో 2019 సెప్టెంబర్ నుంచి అవసరమున్నవారికి ప్రభుత్వ బీమా చెల్లిస్తుంది. అమెరికాలో అంతా మీ బీమా పాలసీని బట్టి ఉంటుంది, విద్యార్థి బీమాను పూర్తిగా చదవండి. ఇప్పటికే హెచ్ఐవీతో జీవిస్తుంటే వీసా నిబంధనలు మరింత జాగ్రత్తగా చూడాలి. హెచ్ఐవీ ఉన్నవారి రాకపై ఉన్న ఆంక్షను అమెరికా 2010లో ఎత్తేసింది. ఆస్ట్రేలియా వైద్య ఖర్చును లెక్కగట్టి నిర్ణయిస్తుంది.

దాడి జరిగితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా ముందే రాసుకోండి. బెర్లిన్‌లో మానెయో అనే సంస్థ 1990 నుంచి గేలపై హింసకు గురైనవారికి అండగా ఉంది. లండన్‌లో అలాంటిదే గాలప్ ఉంది. అలాంటి చోటు లేని నగరానికి వెళ్తే కనీసం ఒక న్యాయవాది నంబరు దగ్గర ఉంచుకోండి.

6. ప్రైడ్ లేని వారంలో వెళ్లి చూడండి

వీలైతే ఖాయం చేసుకునే ముందు ఒకసారి వెళ్లండి, కానీ జూన్‌లో కాదు. టొరంటోను ఫిబ్రవరిలో చూడండి. నగరం మధ్యలోనే కాకుండా మీరు అద్దెకు ఉండబోయే శివారులో, సాయంత్రం బస్టాపులో ఇద్దరు మగవారు చేతులు పట్టుకుని నిలబడగలుగుతున్నారా అని గమనించండి. వెళ్లలేకపోతే అక్కడ కనీసం రెండేళ్లుగా ఉంటున్న గే భారతీయులు ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. ఇల్లు దొరకడానికి ఎంతకాలం పట్టింది, ఆఫీసులో భాగస్వామి పేరు చెప్పగలుగుతున్నారా, ఒంట్లో బాగాలేనప్పుడు ఎవరు వచ్చారు అని అడగండి.

ఇంట్లోవాళ్లతో మాట్లాడే ధైర్యం ఉన్నవారికి డబ్లిన్ ఒక మంచి ఆధారం. 2015 మే నెలలో ఐర్లండ్ ప్రజలు ఓటు వేసి స్వలింగ వివాహాన్ని ఆమోదించారు. రెండేళ్ల తరువాత అక్కడ ప్రధాని అయిన లియో వరాద్కర్ గే, ఆయన తండ్రి ముంబయి నుంచి వెళ్లిన డాక్టరు. ఉపన్యాసాలకంటే ఆయన ఫోటో మన పెద్దవాళ్లకు త్వరగా అర్థమవుతుంది.

7. ఉద్యోగం ఒప్పుకునే ముందు రాతపూర్వకంగా అడగండి

స్వలింగ జీవిత భాగస్వామికి ఆరోగ్య బీమా, బదిలీ ఖర్చు, వీసా ఫీజు ఇస్తారా అని హెచ్ఆర్‌కు ఈమెయిల్ పంపండి. మీ గురించి చెప్పనవసరం లేదు, కంపెనీ విధానం తెలుసుకోవాలని అడగవచ్చు. అమ్మానాన్నలకు ఆరోగ్యం బాగుండకపోతే హైదరాబాద్‌కు నేరుగా విమానాలున్న లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ వంటి నగరాలకు ప్రాధాన్యం ఇవ్వండి. తిరుగు టికెట్టుకు, ఒక నెల అద్దెకు సరిపడా డబ్బును మీ ఒక్కరి పేరు మీద ఉన్న ఖాతాలో పెట్టి, విమానం ఎక్కండి.