చీర రంగు మారకుండా ఫోన్‌తో వీడియో తీయడం ఎలా?

పార్సిల్ విప్పీ విప్పగానే ఫోన్ వస్తుంది. "అక్కా, నేను అడిగింది ఈ చీర కాదు. వీడియోలో చిలకపచ్చ చూపించారు, ఇదేమో ముదురాకుపచ్చ." పంపింది మాత్రం ఆ చీరే. చీరల అమ్మకం రీల్స్‌లోకి వచ్చాక నా చెవిన పడే వాపసు గొడవల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. నేత బాగానే ఉంటుంది, జరీ బాగానే ఉంటుంది, వీడియో ఒక్కటే అబద్ధం చెబుతుంది. మగ్గం మీద రోజుల తరబడి కూర్చుని నేసిన చీరని రెండు నిమిషాల్లో ట్యూబ్‌లైట్ కింద తీసి పడేస్తే ఇంకేమవుతుంది?

కాబట్టి ఈ వ్యాసంలో ట్రాన్సిషన్లు, ట్రెండింగ్ పాటలు, స్లో మోషన్ గురించి ఏమీ ఉండదు. మీరు చీరలు అమ్మేవాళ్లయినా, కట్టుకుని చూపించేవాళ్లయినా ముందు రంగు కుదరాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

కావాల్సినవి

వెనక కెమెరా బాగున్న ఫోన్. సెల్ఫీ కెమెరాతో తీయకండి. గట్టిగా నిలబడే ట్రైపాడ్. ఒక గ్రే కార్డు, అంటే ఏ రంగూ కలవని బూడిద రంగు అట్ట. ఫొటో సామాన్లు అమ్మే చోట కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. కిటికీకి కట్టడానికి ఒక పల్చటి తెల్ల పంచె. మాటలు రికార్డు చేయాలంటే కాలర్ మైకు. ఇంతే. రింగ్ లైట్ ఉంటే దాన్ని మేకప్ వీడియోలకు దాచుకోండి. ఎదురుగా పడే వెలుగులో నేత చదునైపోతుంది, పట్టు మీద మెరుపు ఒకచోట తెల్లటి మచ్చలా తేలుతుంది, జరీ అయితే మరీ ప్లాస్టిక్ దారంలా కనిపిస్తుంది.

సెట్టింగులు: 1080పి, సెకనుకు 30 ఫ్రేములు, ఫోన్ నిలువుగా. హెచ్‌డీఆర్ వీడియో, అంటే వెలుగునీ నీడనీ రెండింటినీ ఎక్కువగా పట్టే మోడ్, ఆపేయండి. మీ ఫోన్‌లో అద్భుతంగా కనిపించిన హెచ్‌డీఆర్ వీడియో అవతలివాళ్ల మామూలు ఫోన్‌లో వెలిసిపోయినట్టో, వెలుగు పొంగిపోయినట్టో కనిపించవచ్చు. బ్యూటీ మోడ్ కూడా ఆపాలి. అది ముఖంతో పాటు నూలు గరుకుదనాన్ని కూడా నునుపు చేసేస్తుంది. లెన్స్‌ను మెత్తటి గుడ్డతో తుడవండి. ఇది చెప్పాలా అనుకోకండి. మసకగా వచ్చిన వీడియోల్లో చాలావాటికి కారణం వేలిముద్రే.

వెలుతురు

పొద్దున ఎనిమిది నుంచి పది లోపు, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన. నా లెక్కలో ఇదే చీరల వేళ. ఉత్తరం వైపు కిటికీ ఉంటే అదృష్టవంతులు, మధ్యాహ్నం దాకా పని చేసుకోవచ్చు. ఎండ లోపలికి వస్తుంటే పంచె అడ్డం కట్టండి. వెలుతురు చీర మీద పక్కనుంచి, కాస్త ఏటవాలుగా పడాలి. అప్పుడే బుటా ఎత్తు, నేత గీతలు తెలుస్తాయి.

గదిలో లైట్లన్నీ ఆర్పేయండి. "చీకటిగా ఉంటుందేమో" అని ఒక్క ట్యూబ్‌లైట్ వెలిగించినా పని చెడుతుంది. కిటికీ వెలుతురు ఒక రంగు, ట్యూబ్‌లైట్ ఇంకో రంగు. చీర ఒక పక్క నీలంగా, ఇంకో పక్క పచ్చగా వస్తుంది. దాన్ని ఏ యాప్‌లోనూ సరిచేయలేరు. రాత్రిపూట తప్పదనుకుంటే అన్నీ ఒకే రకం లైట్లు పెట్టండి, సీఆర్‌ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 దాటినవి చూసి కొనండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు గానీ కెమెరాకు తెలుస్తుంది. వీడియోలో నల్లటి చారలు పాకుతుంటే షట్టర్‌ను, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుతురు తీసుకునే సమయాన్ని, సెకనులో 1/50 లేదా 1/100 వంతు దగ్గర పెట్టండి.

గోడల సంగతి ఎవరూ పట్టించుకోరు. లేత ఆకుపచ్చ పెయింట్ వేసిన గదిలో తెల్ల చీర తీస్తే ఆ పచ్చదనమంతా చీరకు అంటుతుంది. నీలం టార్పాలిన్ కింద, షామియానా కింద, గుబురుగా ఉన్న వేపచెట్టు కింద కూడా అంతే. ఎగ్జిబిషన్ స్టాళ్లలో తీసే వీడియోలు అందుకే అలా ఏడుస్తుంటాయి. సిమెంటు రంగు గోడ, లేకపోతే తెల్ల గోడ. ఇంకేదీ వద్దు.

అసలు పని: రంగును కట్టేయడం

ఇక్కడ మాత్రం నిదానంగా చదవండి.

ఫోన్‌కు చీర రంగు తెలియదు. ఫ్రేములో ఉన్నదంతా చూసి, ఈ గదిలో వెలుతురు ఏ రంగులో ఉందో ఊహించి, తెలుపు తెల్లగా కనబడేలా అన్ని రంగులనూ జరుపుతుంది. దీన్నే వైట్ బ్యాలెన్స్ అంటారు. గది, గోడ, మనిషి అన్నీ కలిసి కనిపిస్తున్నంతసేపూ ఆ ఊహ ఫరవాలేదు. కానీ మీరు ఎర్ర పట్టుచీర కొంగును కెమెరా ముందు పరిచి ఫ్రేమంతా నింపారనుకోండి, ఫోన్ "ఇక్కడ వెలుతురే ఎర్రగా ఉంది కాబోలు" అనుకుని ఎరుపును తగ్గిస్తుంది. ఎరుపు వెలవెలబోతుంది. కొంగు పక్కకు తీసి ముఖం చూపించగానే మళ్లీ లెక్క మార్చుకుంటుంది. ఒకే వీడియోలో ఒకే చీర మూడు రంగులు మారేది ఇందుకే. చూసేవాళ్లు ఆ మూడింట్లో తమకు నచ్చిన రంగును గుర్తుపెట్టుకుని డబ్బు పంపుతారు.

ఆటో మీద వదిలేస్తే ఇంతే. కట్టేయాలి.

చీర ఎక్కడ ఉంటుందో సరిగ్గా అక్కడ, అదే వెలుతురు పడేలా గ్రే కార్డు పట్టుకోండి. కిటికీ దగ్గర కార్డు పట్టి, గది మధ్యలో చీర తీస్తే లాభం లేదు. ఫ్రేమంతా కార్డే నిండాలి. చాలామంది ఎ4 తెల్ల కాగితం పెడతారు. కాగితం తెల్లగా మెరవడానికి అందులో నీలి ఛాయనిచ్చే రసాయనం కలుపుతారు, దాన్ని నమ్ముకుంటే రంగు పసుపు వైపు జరుగుతుంది. గ్రే కార్డే కొనండి.

ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో రికార్డ్ వీడియో, అందులో లాక్ వైట్ బ్యాలెన్స్ ఆన్ చేయండి. కార్డు ఫ్రేములో నిండి ఉండగా రెండు మూడు క్షణాలు ఆగి, రంగు కుదిరాక రికార్డు నొక్కండి. ఆ తర్వాతే కార్డు తీయండి. ఆ క్లిప్ అయ్యేదాకా రంగు కదలదు. ఇంకో క్లిప్‌కు మళ్లీ కార్డు పెట్టాలి. బద్ధకిస్తే మొదటి క్లిప్ ఒక రంగు, రెండోది ఇంకో రంగు.

శాంసంగ్‌లో ప్రో వీడియో ఉన్న ఫోన్ అయితే వైట్ బ్యాలెన్స్ అంకెను చేత్తో జరుపుకోవచ్చు. కార్డులో పసుపూ నీలమూ రెండూ పోయి ఉత్త బూడిద రంగు మిగిలేదాకా జరపండి. పగటి కిటికీ వెలుతురులో అది సాధారణంగా 5000 దాటాక ఎక్కడో ఆగుతుంది. ఆ అంకెను కాగితం మీద రాసుకుని రేపు కూడా అదే పెడదామనుకోకండి. మబ్బు పట్టినా మారుతుంది, గంట గడిచినా మారుతుంది. మీ ఫోన్ కెమెరాలో ఈ సౌకర్యమే లేకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా అనే ఉచిత యాప్ ఉంది. అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో నడవదు, మీదాంట్లో నడిస్తే వదలకండి. అదీ కుదరకపోతే ఒకటే దారి: ఫ్రేమును చీరతో నింపకండి. సగానికి పైగా సిమెంటు గోడ కనిపించేలా దూరం నుంచి తీయండి, ఫోన్ మరీ దారి తప్పదు.

రంగు కట్టేశాక వెలుగు కట్టాలి. స్క్రీన్ మీద చీర దగ్గర వేలు నొక్కి పట్టుకుంటే ఎక్స్‌పోజర్ (వీడియోలో వెలుగు ఎంత ఉండాలనే లెక్క), ఫోకస్ లాక్ అవుతాయి. పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగితే చీకటి, పైకి లాగితే వెలుగు. ఫోన్ ప్రతిదాన్నీ నడిమధ్య వెలుగుకు లాగాలని చూస్తుంది. అందుకని నల్ల చీరను బూడిదగా తేలుస్తుంది, తెల్ల మంగళగిరి చీరను మురికి పట్టినట్టు చూపిస్తుంది. నల్ల చీరకు వెలుగు తగ్గించాలి, తెల్ల చీరకు పెంచాలి. అందరూ ఉల్టా చేస్తారు, నల్లది కనబడట్లేదని పెంచుతారు. రాణీ పింక్, కుంకుమ ఎరుపు లాంటివైతే తప్పకుండా కొంచెం తగ్గించండి. లేకపోతే నేత మొత్తం మాయమై ఒకే రంగు ముద్ద మిగులుతుంది. జరీ అంచు ఉంటే అంచు మీదే వేలు నొక్కండి, జరీ పోగులు విడివిడిగా కనిపించేదాకా తగ్గించండి. ఒళ్లు భాగం కాస్త ముదురుగా వచ్చినా నష్టం లేదు. ఒళ్లు నూలు, అంచూ పైటా పట్టు ఉండే గద్వాల చీరలకు ఇది మరీ అవసరం. నూలు వెలుగును పీల్చుకుంటుంది, పట్టు ఎదురు విసురుతుంది.

తీశాక అక్కడికక్కడే సరిచూసుకోవాలి. చీర మడత ఫోన్ పక్కనే పెట్టి, అదే కిటికీ వెలుతురులో రెండూ కలిపి చూడండి. చూసే ముందు ఐఫోన్‌లో అయితే ట్రూ టోన్ (గది వెలుతురును బట్టి స్క్రీన్ రంగు మార్చేది), ఏ ఫోన్‌లోనైనా కళ్ల రక్షణ మోడ్ ఆపండి, శాంసంగ్‌లో స్క్రీన్‌ను వివిడ్ నుంచి నేచురల్‌కు మార్చండి. తర్వాత ఇంట్లో ఉన్న తక్కువ ధర ఫోన్‌లో కూడా చూడండి. కొనేవాళ్లు ఎక్కువమంది దాంట్లోనే చూస్తారు. వంకాయ రంగు నీలం వైపు జారుతుంది, రామా గ్రీన్ ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా వస్తుంది. ఎంత చేసినా కుదరకపోతే ఫిల్టర్లతో కుస్తీ పట్టకుండా నోటితో చెప్పేయండి: "వీడియోలో కంటే ఒక పిసరు ముదురుగా ఉంటుందమ్మా." ఈ మాటకు ఎవరూ కొనడం మానరు.

నెమలికంఠం లాంటి డబుల్ షేడ్ చీరలు వేరే. పడుగు (నిలువు దారాలు) ఒక రంగు, పేక (అడ్డ దారాలు) ఇంకో రంగు కాబట్టి కదలకుండా పరిచి తీస్తే ఒక్క రంగే కనిపిస్తుంది. ఒక మడతను రెండు చేతులతో ఎత్తి, కిటికీ వైపు నిదానంగా తిప్పండి. నీలం మీద నుంచి పచ్చ జరిగిపోవడం కెమెరాలో పడాలి. ఆ తిప్పడం తొందరపడితే మళ్లీ తీయాల్సిందే.

ఇక తీయడం

ఫోన్‌ను నడుము ఎత్తులో పెట్టండి. కళ్ల ఎత్తులో పెడితే కుచ్చిళ్లు పొట్టిగా వస్తాయి. 0.5 లెన్స్ (ఎక్కువ వెడల్పు చూపే వైడ్ లెన్స్) ముట్టుకోవద్దు, అంచు వంకర తిరుగుతుంది. 1 లేదా 2 మీద పెట్టి మీరే దూరం జరగండి. మొదట నిలువెత్తు చీర, తర్వాత పైట పరిచి, తర్వాత అంచు దగ్గరగా, తర్వాత కుచ్చిళ్లు కదిలేలా నాలుగడుగులు, చివర బ్లౌజ్ ముక్క. ప్రతిదీ ఐదారు సెకన్లు కెమెరా కదపకుండా. అంచు తీసేటప్పుడు వేళ్లు కూడా ఫ్రేములో ఉండాలి, అప్పుడే అంచు వెడల్పు ఎంతో తెలుస్తుంది. మెడలో పెద్ద హారం వద్దు. చూపు చీర మీద నిలవదు.

పోచంపల్లి ఇక్కత్ అయితే తిరగేసి కూడా చూపించండి. నూలుకే ముందుగా రంగు అద్ది నేస్తారు కాబట్టి డిజైన్ రెండు వైపులా కనిపిస్తుంది. ప్రింటు చీరకు వెనక వెలిసినట్టుంటుంది. డిజైన్ అంచులు కొంచెం అలికినట్టు ఉండడమే దాని అందం. ఎడిటింగ్‌లో షార్ప్‌నెస్ పెంచి అసలుదాన్ని ప్రింటులా మార్చకండి. వెంకటగిరి నూలు చీర అయితే లోపల చెయ్యి పెట్టి చూపించండి, పల్చదనం గురించి ఇంకేం చెప్పక్కర్లేదు. మరీ చిన్న గళ్ల చీరల మీద వీడియోలో అలలు అలలుగా గీతలు ఆడతాయి. ఒక అడుగు ముందుకో వెనక్కో జరిగితే పోతాయి.

మాట్లాడేటప్పుడు ఫ్యాన్ ఆపండి. మైకు పైట వైపు పెట్టకండి, పట్టు గరగరలు తప్ప ఏమీ వినబడదు. చీర పొడవు, బ్లౌజ్ ఉందా లేదా, పట్టా నూలా కలిపిందా, ధర ఎంత, అన్నీ నోటితో చెప్పండి. ధర కోసం డీఎం చేయమనడం నాకు అస్సలు నచ్చదు. కొట్టుకు వచ్చిన మనిషిని ధర చెప్పకుండా కూర్చోబెడతామా?

ఎడిటింగ్ అంటే ముందూ వెనకా కత్తిరించి అతికించడం, అంతే. ఫిల్టర్ వేస్తే ఇప్పటిదాకా చేసిందంతా బూడిదలో పోసినట్టే. ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగుల్లో ఎక్కువ నాణ్యతతో అప్‌లోడ్ చేసే ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట అప్‌లోడ్ చేయకండి. తీసినవాళ్లు ఒకరు, పోస్ట్ చేసేవాళ్లు ఒకరు అయితే వీడియోను వాట్సాప్‌లో మామూలుగా పంపొద్దు, నలిపేస్తుంది. అటాచ్ గుర్తు నొక్కి డాక్యుమెంట్‌గా పంపండి.