ట్రైలర్ మీంచి నీళ్ళలోకి: చిన్న తెరచాప పడవని ఒక్క పూట షికారుకి సిద్ధం చేసుకోవడం

చిన్నప్పుడు హుస్సేన్ సాగర్‌లో తెల్లటి తెరచాపలు తిరుగుతుంటే ట్యాంక్ బండ్ మీంచి చూడడమే తప్ప ఎప్పుడూ ఎక్కింది లేదు. డల్లాస్ వచ్చి, లేక్ లూయిస్‌విల్‌కి దగ్గర్లో ఇల్లు తీసుకున్నాక ఆ మోజు మళ్ళీ పట్టుకుంది. మొదట 22 అడుగుల కేబిన్ పడవ చూశాను, బేరం కూడా కుదిరేదే, కానీ పడవల్ని నీళ్ళలోకి దించే ర్యాంప్ దగ్గర కలిసిన ఒక పెద్దాయన "దాని తెరచాపలన్నీ కట్టి నీళ్ళలో దించేసరికి మీ ఆదివారం సగం అయిపోతుంది" అని నవ్వాడు. పడవ కొనేవాళ్ళు పొడవెంత, స్పీడెంత అని అడుగుతారు గానీ ట్రైలర్ మీంచి నీళ్ళలోకి ఎంతసేపు పడుతుంది అన్నదే అసలు ప్రశ్న. గంటన్నర పట్టే పడవ రెండో ఏడు నుంచి గరాజ్‌లో దుమ్ము తింటుంది.

నేను తీసుకున్నది ఓ'డే కంపెనీ వాళ్ళ డే సెయిలర్ అనే పడవ, పాతదే. ఇంగ్లండ్ పడవల డిజైనర్ ఉఫా ఫాక్స్ 1950ల్లో గీసిన డిజైన్. పొడవు 16 అడుగుల 9 అంగుళాలు, బరువు 575 పౌండ్లు, అంటే 260 కిలోలు. నలుగురు పెద్దవాళ్ళు కూర్చోవచ్చు. ఒక్కరే వెళ్ళేదైతే ఇదీ అక్కర్లేదు, సన్‌ఫిష్ అనే ఇంకా చిన్న పడవ చాలు: 13 అడుగుల 9 అంగుళాలు, ఒకే ఒక్క తెరచాప, పది నిమిషాల పని. పైగా టెక్సస్‌లో మోటారు లేని తెరచాప పడవకి 14 అడుగులు, ఆపైన ఉంటేనే రిజిస్ట్రేషన్, కాబట్టి మూడు అంగుళాల తేడాతో ఆ తలనొప్పి కూడా తప్పుతుంది.

కొన్న వారమే లేక్‌కి పరిగెత్తకండి. ముందు ఇంటి డ్రైవ్‌వేలో రెండుసార్లు తెరచాపలూ తాళ్ళూ కట్టి విప్పండి, ఏ తాడు ఎక్కడికో ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. మా వీధిలో వాళ్ళు నీళ్ళే లేని చోట పడవలో కూర్చున్న నన్ను చూసి ఏమనుకున్నారో గానీ, ర్యాంప్ దగ్గర వెనక పది కార్లు ఆగి ఉన్నప్పుడు ఆ రెండు రిహార్సల్సే పరువు కాపాడాయి. ట్రైలర్‌ని వెనక్కి తిప్పడం కూడా ఖాళీ పార్కింగ్ లాట్‌లో నేర్చుకోవాలి. చిట్కా ఏంటంటే చెయ్యి స్టీరింగ్ కింది భాగంలో పెట్టండి, ట్రైలర్ ఎటు పోవాలో చేతిని అటే జరపండి. అంతే, బుర్ర బద్దలుకొట్టుకోనక్కర్లేదు.

లేక్‌కి చేరాక నేరుగా ర్యాంప్ మీదికి వెళ్ళకుండా పక్కన ఖాళీ స్థలంలో ఆపండి. ఆపగానే తలెత్తి పైన కరెంటు తీగలున్నాయా చూడండి. మాస్ట్, అంటే తెరచాపని నిలబెట్టే స్తంభం, అల్యూమినియంది, 20 అడుగులు దాటుతుంది, తీగకి తగిలితే ప్రాణమే పోతుంది. నిలబెట్టే చోటే కాదు, అక్కడి నుంచి ర్యాంప్ దాకా దారంతా చూసుకోవాలి.

మాస్ట్ ఎత్తే ముందే, దాన్ని రెండు పక్కల నుంచి పట్టి ఉంచే లోహపు తీగల్ని పడవ అంచులకి పిన్నులతో బిగించేయండి. డే సెయిలర్‌లో మాస్ట్, పడవ ముందువైపు కప్పులో ఉన్న కన్నంలోంచి కిందికి దిగుతుంది, బరువు పెద్దగా ఉండదు గానీ గాలికి ఊగుతుంది, కాబట్టి ఒకరు ఎత్తితే ఒకరు దాన్ని ముందు నుంచి పట్టి ఉంచే తీగ పట్టుకుని లాగి కట్టాలి. ప్రతి పిన్నుకీ చిన్న రింగు తొడగాలి. ఆ రింగులు గడ్డిలో పడితే దొరకవు, అర డజను స్పేర్ ఉంచుకోండి. తెరచాపని పైకి లాగే తాడు చివర ఎనిమిది అంకె ఆకారంలో ముడి వేసి, రెండో కొసని కూడా ఎక్కడో ఒకచోట కట్టే ఉంచండి. నేను ఓసారి చేతిలోంచి వదిలేశాను, అది సర్రున పైకి పోయి మాస్ట్ కొనలో కూర్చుంది, మొత్తం మళ్ళీ దించాల్సి వచ్చింది.

తర్వాత బూమ్, అంటే పెద్ద తెరచాప కింది అంచుని పట్టే అడ్డకర్ర, తగిలించి, తెరచాపలు ఎక్కించి, లేపకుండా మడిచి కట్టి ఉంచండి. లైఫ్ జాకెట్లు వేసుకోండి. టెక్సస్‌లో 26 అడుగుల లోపు పడవ కదులుతున్నప్పుడు 13 ఏళ్ళ లోపు పిల్లలకి అది చట్టం కూడా. వెనక బెల్టులు విప్పి, ట్రైలర్ లైట్ల వైరు పీకి, అడుగున నీళ్ళు కారే కన్నానికి పెట్టే బిరడా, అంటే డ్రెయిన్ ప్లగ్, బిగించండి. పడవ మూతిని ట్రైలర్‌కి పట్టి ఉంచే ముందువైపు విన్చ్ బెల్టు మాత్రం పడవ నీళ్ళలో తేలేదాకా విప్పొద్దు, లేకపోతే ర్యాంప్ కాంక్రీటు మీద పడవ జారిపోయి నలుగురూ వీడియోలు తీస్తారు.

నీళ్ళలో దించాక చుక్కాని తగిలించి, పడవ మూతి గాలికి ఎదురుగా పెట్టి ముందు పెద్ద తెరచాప లేపండి, తర్వాత చిన్నది. కాస్త లోతుకి వెళ్ళగానే సెంటర్‌బోర్డ్, అంటే అడుగున ఉండే పలక, కిందికి దించాలి. అది దించకపోతే పడవ మీరు చెప్పిన వైపు పోదు, పక్కకి జారుతూ అచ్చంగా గాలివాటంగా పోతుంది. మొదటి నాలుగైదు సార్లు గాలి గంటకి 5 నుంచి 10 మైళ్ళు ఉన్న రోజే చూసుకోండి. ఇక్కడ వసంతకాలంలో దక్షిణపు గాలి ఉన్నట్టుండి విసురుగా కొడుతుంది, 15 దాటితే ఒడ్డున కూర్చుని టీ తాగడమే మేలు. పెద్ద తెరచాపని అదుపు చేసే తాడు చేతిలోనే ఉండాలి, బిగించి కట్టేయకూడదు. పడవ మరీ ఒరిగితే ఆ తాడు వదిలేయండి, తెరచాపలోంచి గాలి పోయి తనంతట తనే లేస్తుంది. బోల్తా పడినా ఒడ్డుకి ఈదకండి, పడవని పట్టుకునే ఉండండి, సెంటర్‌బోర్డ్ మీద బరువు వేసి పైకి తేవాలి. వేసవిలో నీళ్ళు వెచ్చగా ఉన్న రోజు ఫ్రెండ్‌ని పెట్టుకుని కావాలనే ఒకసారి బోల్తా కొట్టించి చూడండి, సగం భయం అక్కడే పోతుంది. ఉరుము వినిపిస్తే మాత్రం ఇంకో రౌండు అనుకోకుండా వచ్చేయండి.

తిరిగొచ్చాక అంతా వెనక నుంచి ముందుకి. లేక్ లూయిస్‌విల్‌లో జీబ్రా మసెల్స్ అనే ఆల్చిప్పలు చేరాయి, అవి ఇంకో చెరువుకి పాకకుండా పడవలోని నీళ్ళన్నీ అక్కడే వంచేయాలని రాష్ట్రమంతటా రూలు ఉంది. అందుకని ర్యాంప్ ఎక్కగానే ప్లగ్ పీకి నీళ్ళు పూర్తిగా కారనివ్వండి. పీకిన ప్లగ్‌ని నేను కారు తాళాల గుత్తికే తగిలిస్తాను. ఎందుకంటే రెండోసారి వెళ్ళినప్పుడు అది ఇంట్లో బల్ల మీద ఉండిపోయింది, పడవ చీలమండల లోతు నీళ్ళతో నిండాక గానీ నాకు గుర్తు రాలేదు.