కొత్త నర్సుకు ఉద్యోగం – 4వ పాఠం: మీ అనుభవం ఏ తేదీన మొదలైంది?

ఈసారి ఇంటర్వ్యూ ప్రశ్నలు చెబుదామనుకున్నాను. కుదరలేదు. పోయిన పాఠం చివర ఒక చిన్న పని ఇచ్చాను కదా, మీకు ఎన్ని నెలల అనుభవం ఉందో రాసి పక్కన దానికి రుజువేమిటో రాయమని. చిన్న పని అనుకోవడమే నా పొరపాటు. ఫలితాలు వచ్చి ఇంకా నెల కాని ఒకమ్మాయి "నాలుగేళ్లు" అని రాసింది. చదివిన నాలుగేళ్లూ కలిపేసింది. ఇంకొకరు ఇంటర్న్‌షిప్ ఆరు నెలలు కలిపారు. మరొకరైతే నిజంగా పద్నాలుగు నెలలు డ్యూటీ చేసి కూడా, సర్టిఫికెట్ చేతిలో లేదని "సున్నా" అని రాశారు. ఆ సున్నా చూశాక ఇంటర్వ్యూ సంగతి పక్కన పెట్టేశాను. ఈ పాఠమంతా తేదీల గురించే.

మూడు తేదీలు ఉంటాయి. కోర్సు పాసైన తేదీ, నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్టర్ అయిన తేదీ, ఉద్యోగంలో చేరిన తేదీ. ఈ మూడింటిలో ఏది ఆఖరున వస్తే అక్కడి నుంచే మీ అనుభవం మొదలైనట్టు. నర్సుగా పనిచేయడానికి చట్టం ఇచ్చే అనుమతి రిజిస్ట్రేషనే కాబట్టి, అంతకు ముందు ఎన్ని నైట్ డ్యూటీలు చేసినా లైసెన్సు ఇచ్చేవాళ్లు వాటిని నర్సు అనుభవంగా చూడరు.

ఇది నాకు కోపం తెప్పించే విషయం, ఎందుకంటే నేనే ఇందులో పడ్డాను. ఫలితాలు వచ్చిన మర్నాడే ఒక ఆసుపత్రిలో చేరాను. రిజిస్ట్రేషన్ నంబరు రావడానికి ఏడు నెలలు పట్టింది. ఈలోగా ఐసీయూలో వెంటిలేటర్ పేషెంట్లను చూశాను, గుండె ఆగిన పేషెంటు కోసం కోడ్ బ్లూ పిలుపు వస్తే పరుగెత్తాను. తర్వాత విదేశానికి అప్లికేషన్ పెట్టినప్పుడు ఆ ఏడు నెలలనూ కొట్టేశారు. వాళ్లది తప్పని అనలేను. రిజిస్ట్రేషన్ లేని మనిషిని ఐసీయూలో నిలబెట్టిన ఆసుపత్రిదే తప్పు, ఒప్పుకుని నిలబడిన నాది కూడా.

ఇప్పుడు ఉదాహరణలు. జూన్‌లో పాసై, జులైలో చేరి, అక్టోబరులో రిజిస్టర్ అయితే అక్టోబరు నుంచి లెక్క. జూన్‌లో పాసై, అక్టోబరులో రిజిస్టరై, జనవరిలో చేరితే జనవరి నుంచి. ఇంతవరకు తేలికే.

రిజిస్టరయ్యాక చేరారు గానీ అపాయింట్‌మెంట్ లెటర్లో "ట్రైనీ" అని ఉందనుకోండి. పని స్టాఫ్ నర్సు పనే, జీతం మాత్రం ట్రైనీది. కాగితం చూసేవాడికి మీ పని కనిపించదు, ఆ మాటే కనిపిస్తుంది. శిక్షణ కాలం పూర్తయ్యాక స్టాఫ్ నర్సుగా తీసుకున్నట్టు విడిగా ఒక లెటర్ అడిగి తీసుకోండి. అడగడానికి మొహమాటపడకండి. ఇన్‌చార్జి సిస్టర్ విసుక్కుంటారేమో, విసుక్కోనివ్వండి. వారానికి మూడు రోజులే డ్యూటీ చేస్తే నెలలు అలాగే పూర్తిగా లెక్కకు రావు, వారానికి ఎన్ని గంటలో రాయించుకోవాలి. పాసవగానే కాలేజీలో ట్యూటర్‌గా చేరితే అది ఉద్యోగమే, కానీ పడక పక్కన చేసిన అనుభవం కాదు. వార్డు ఉద్యోగానికి అది అక్కరకు రావడం కష్టం. విదేశానికి వెళ్లాలనుకునే ఫ్రెషర్ ట్యూటర్ ఉద్యోగం వైపు వెళ్లొద్దనే నేను చెబుతాను.

ఇంకో రకం: రెండు ఉద్యోగాల మధ్య ఖాళీ. ఖాళీ ఉండటం నేరం కాదు. ఒక ఉద్యోగం మార్చి 31న ముగిసి, రెండోది ఏప్రిల్ 1న మొదలైందని రాసి, రిలీవింగ్ లెటర్లో ఫిబ్రవరి 10 అని ఉంటే మాత్రం చిక్కే. ఒక్క తేదీ తేడా వస్తే మిగతా కాగితాలన్నీ అనుమానంగానే చూస్తారు.

సున్నా రాసినవారికి ఇప్పుడు జవాబు. మీ పద్నాలుగు నెలలు ఎక్కడికీ పోలేదు, రుజువు మాత్రమే లేదు. గల్ఫ్ దేశాల లైసెన్సుకు వెళ్లేవాళ్లకు డేటాఫ్లో అనే పరిశీలన తెలిసే ఉంటుంది. మీరిచ్చిన సర్టిఫికెట్ మీద ముద్ర బాగుందా అని కాదు వాళ్లు చూసేది. దాన్ని ఇచ్చిన కాలేజీనీ, కౌన్సిల్‌నీ, ఆసుపత్రినీ నేరుగా అడుగుతారు. ఆసుపత్రి హెచ్‌ఆర్ జవాబివ్వకపోతే మీ ఫైలు ఆగిపోతుంది. "ఈ పేరుతో ఎవరూ పనిచేయలేదు" అని జవాబిస్తే ఇంకా ప్రమాదం. కాబట్టి అపాయింట్‌మెంట్ లెటర్, జీతం స్లిప్పులు, డ్యూటీ రోస్టర్ ఫొటోలు ఇవాళే ఒక చోట చేర్చండి. సర్టిఫికెట్లో హోదా, విభాగం, చేరిన తేదీ, మానేసిన తేదీ, ఫుల్ టైమా కాదా అన్నవి ఉండాలి. పడకల సంఖ్య కూడా ఉంటే మంచిది.

అందుకే మొదటి ఉద్యోగం గురించి నా సలహా చాలామందికి నచ్చదు. జీతం కొంచెం తక్కువైనా కాగితాలు సరిగ్గా ఇచ్చే చోట చేరండి. మెయిల్ పంపితే జవాబిచ్చే హెచ్‌ఆర్ విభాగం ఉన్న ఆసుపత్రి, చేతికి నగదిచ్చి పంపే నర్సింగ్ హోమ్ కన్నా మేలు.

మరి శిక్షణలో చేసిన పోస్టింగ్‌లు వృథానా? కాదు. వాటిని అనుభవం కింద రాయకండి, "శిక్షణ" కింద రాయండి. అక్కడ మాత్రం గట్టిగా రాయండి. "ఐసీయూలో పేషెంట్లకు సేవలు అందించాను" అని ఒకరు రాశారు. చదివినవాళ్లకు ఏమీ తెలియదు. అదే మనిషి లాగ్‌బుక్ తీయించి ఇలా మార్పించాను: "ఐసీయూలో 6 వారాలు. సూపర్‌విజన్‌లో 22 ఐవీ కాన్యులాలు, 9 కాథెటర్లు. ట్రకియాస్టమీ సక్షన్ చూశాను, స్వయంగా చేయలేదు." ఆ చివరి ముక్క తీసేస్తానంది. వద్దన్నాను. చేయనిది చేయలేదని రాస్తే, చేశానన్నదాన్ని నమ్ముతారు.

"ప్రపంచమంతా నర్సుల కొరత అంటారు, మాకెందుకు రావడం లేదు?" అని మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. కొరత నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం 2023లో ప్రపంచంలో 2.98 కోట్ల మంది నర్సులుంటే, ఇంకా 58 లక్షల మంది తక్కువే. పనిచేస్తున్నవాళ్లలో ఏడుగురిలో ఒకరు వేరే దేశంలో పుట్టినవారు. కానీ అది జనాభా అవసరాన్ని బట్టి వేసిన లెక్క, జీతానికి డబ్బు కేటాయించిన పోస్టుల లెక్క కాదు. పైగా ఫ్రెషర్‌ని తీసుకుంటే కొన్ని నెలలు పక్కన ఒక సీనియర్‌ని నిలబెట్టాలి, ఆ సీనియరే లేరు. బ్రిటన్‌లో అక్కడే చదివిన కొత్త నర్సులకే పోస్టులు దొరక్క, 2025 ఆగస్టులో ప్రభుత్వం వాళ్లకోసం ప్రత్యేకంగా హామీ ప్రకటించాల్సి వచ్చింది. రిజిస్ట్రేషన్‌కి అనుభవం అక్కర్లేని దేశంలో కూడా ఆసుపత్రి ప్రకటన అనుభవం అడగొచ్చు. రెండూ వేర్వేరు గేట్లు.

ఇక వాడిపోయే కాగితాలు. ఐఈఎల్‌టీఎస్, ఓఈటీ అనే ఇంగ్లిష్ పరీక్షల స్కోర్లను సాధారణంగా రెండేళ్ల వరకే ఒప్పుకుంటారు. పాసైన ఊపులో అందరూ ముందు ఇదే రాసేస్తారు. 2025 జనవరిలో ఉద్యోగంలో చేరిన నర్సు మార్చిలో ఇంగ్లిష్ పరీక్ష రాసిందనుకోండి. ఆసుపత్రి రెండేళ్ల అనుభవం అడిగితే అది 2027 జనవరికి పూర్తవుతుంది. స్కోరు మార్చిలో చచ్చిపోతుంది. మధ్యలో రెండు నెలలు. కాగితాల పరిశీలనకే అవి చాలవు. 2026 మధ్యలో రాసి ఉంటే ఏ టెన్షనూ ఉండేది కాదు. చదవడం ఇప్పుడే మొదలుపెట్టండి, పరీక్ష ఫీజు మాత్రం ఇప్పుడే కట్టకండి. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ ఐఈఎల్‌టీఎస్‌లో రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్‌కి 7 అడుగుతుంది, రైటింగ్‌కి 6.5 చాలు. అయినా మనవాళ్లు ఆగేది రైటింగ్‌లోనే. నా ఫైళ్లన్నిటి మీద పెన్సిల్‌తో గడువు తేదీ రాసి ఉంటుంది. గడువు లేనివి అడుగున, త్వరగా ముగిసేవి పైన.

అమెరికాలో తేదీల గోల ఇంకో రకం. అక్కడి నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ పాసవడం అంటే ఉద్యోగం కాదు, వీసా అంతకన్నా కాదు. రాష్ట్ర లైసెన్సు, వీసా కోసం చదువునీ లైసెన్సునీ ఇంగ్లిష్‌నీ పరిశీలించి ఇచ్చే వీసా స్క్రీన్ సర్టిఫికెట్ అయ్యాక కూడా, యజమాని పిటిషన్ వేసిన తేదీని బట్టే గ్రీన్ కార్డు క్యూలో మీ చోటు. ఆ క్యూ ఏళ్ల తరబడి సాగొచ్చు. జర్మనీకైతే భాషే గేటు. నర్సుగా పూర్తి గుర్తింపుకు సాధారణంగా జర్మన్ భాషలో బీ2 స్థాయి (ఆరు మెట్లలో నాలుగోది) కావాలి, అప్పటిదాకా సహాయకురాలిగానే పనిచేయాలి. "మూడు నెలల్లో బీ2" అన్న ప్రకటన కనిపిస్తే పేజీ తిప్పేయండి. ఉద్యోగం ఇప్పిస్తామని మీ దగ్గర డబ్బు అడిగే ఏజెన్సీ గురించి ఇంకో పాఠంలో రాస్తాను. అప్పటిదాకా ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వకండి.

అభ్యాసం. మూడు ఉద్యోగ ప్రకటనలు తీసుకోండి, ఒకటి మీరున్న దేశంలోది, రెండు బయటివి. ప్రతిదానికీ చేరాల్సిన తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి: వీసా, లైసెన్సు, కాగితాల పరిశీలన, అనుభవం పూర్తయ్యే రోజు, ఇంగ్లిష్ పరీక్ష. ఒక్కో దాని పక్కన గడువు రాయండి. రెండు తేదీలు ఎక్కడ ఢీకొంటాయో ఎర్ర పెన్నుతో చుట్టండి. తర్వాత మీరు పనిచేసిన ఆసుపత్రికి ఫోన్ చేసి, వెరిఫికేషన్ మెయిల్ వస్తే ఎవరు జవాబిస్తారో పేరు కనుక్కోండి. ఈ రెండోది నూటికి తొంభైమంది చేయరని తెలుసు. అయినా ఇస్తున్నాను.

మర్చిపోయాను, రెండో పాఠంలో హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) లెక్క మిగిలిపోయింది. 250 మిల్లీలీటర్లలో 25,000 యూనిట్లు, గంటకు 1,200 యూనిట్లు ఇవ్వాలి. మిల్లీలీటరుకు 100 యూనిట్లు, కాబట్టి పంపు గంటకు 12 మిల్లీలీటర్లు. 120 రాసినవాళ్లు ఇంటర్వ్యూల పాఠం వచ్చేలోగా ఇలాంటివి ఇంకో పది చేసి పెట్టుకోండి.