పరస్పర అంగీకార విడాకుల్లో ఆస్తి పంపకం: ఒప్పంద పత్రం నుంచి రిజిస్ట్రేషన్ దాకా

ఇద్దరూ ఒప్పుకుని విడిపోతున్నప్పుడు కోర్టు పని చాలావరకు సాఫీగానే నడుస్తుంది. చిక్కంతా ఆస్తుల దగ్గర వస్తుంది. డిక్రీ (కోర్టు విడాకుల ఉత్తర్వు) వచ్చినంత మాత్రాన ఫ్లాటు పేరు మారదు, లోను తీరదు, లాకర్లో నగలు చేతికి రావు. పిటిషన్ వేయకముందే ఎవరికి ఏది, ఏ తేదీకి, ఏ కాగితం ద్వారా అన్నది రాసి పెట్టుకోవాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో హిందూ వివాహ చట్టం కింద విడిపోయేవారికి ఈ వివరాలు. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్నవారికి సెక్షన్ 28లో దాదాపు ఇదే పద్ధతి ఉంది.

ముందు లెక్క తేలాలి

పెళ్లయ్యాక సంపాదించినదంతా చెరిసగం అనే నియమం మన చట్టంలో లేదు. ఎవరి పేరున ఉంటే వారిదే అన్నది మొదటి లెక్క. ఈఎంఐలు ఇద్దరూ కట్టినా కాగితం ఒకరి పేరునే ఉంటే, రెండోవారి వాటా ఒప్పందంలో రాసుకుంటేనే నిలుస్తుంది.

స్త్రీధనం (భార్యకు పెళ్లప్పుడూ ఆ తర్వాతా ఇచ్చిన నగలు, డబ్బు, ఆస్తి) సంగతి వేరు. అది పూర్తిగా భార్యదేనని, భర్త దగ్గరో అత్తింట్లోనో ఉన్నంత మాత్రాన వారి సొత్తు కాదని సుప్రీంకోర్టు 1985లోనే స్పష్టం చేసింది. పసుపు కుంకుమ కింద పుట్టింటివారు ఇచ్చిన పొలాన్ని చాలామంది మరిచిపోతారు. నోటిమాటగా ఇచ్చి, పాసుపుస్తకం మాత్రం అల్లుడి పేరున చేయించిన ఇళ్లు మన పల్లెల్లో ఎన్నో. అలాంటి పొలం ఉంటే సర్వే నంబరు, విస్తీర్ణంతో సహా ఒప్పందంలో రాయండి. నగలకు ‘బంగారం మొత్తం’ అని రాస్తే సరిపోదు. వస్తువు, బరువు, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, ఎప్పుడు అప్పగిస్తారు అనే నాలుగూ ఉండాలి.

భరణం కేసుల్లో ఇరువైపులా ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలని సుప్రీంకోర్టు 2020లో ఒక నమూనా ఇచ్చింది. రాజీలో కూడా దాన్ని దగ్గర పెట్టుకుని జాబితా రాసుకుంటే పీఎఫ్, బీమా, షేర్లు, చిట్టీలు, చేబదుళ్లు ఏవీ తప్పిపోవు.

ఇంటి లోను

ఎక్కువ గొడవలు ఇక్కడే. ‘ఇకపై ఈఎంఐ భర్తే కడతాడు’ అని రాసుకుని సంతకాలు పెడతారు. బ్యాంకుకు ఆ మాటతో పని లేదు. ఇద్దరూ ఉమ్మడి రుణగ్రహీతలైతే, ఆయన కట్టడం మానేసిన రోజున నోటీసు ఆమెకూ వస్తుంది, సిబిల్ స్కోరు ఆమెదీ పడిపోతుంది. ఒప్పందానికి ముందే బ్యాంకుకు వెళ్లి, ఒకరి ఆదాయం మీదే లోను కొనసాగిస్తారా, రెండోవారి పేరు తీసేస్తారా అని రాతపూర్వకంగా అడగండి. కుదరదంటే ఫ్లాటు అమ్మి, లోను తీర్చి, మిగిలింది పంచుకోవడమే మేలు. ఇల్లు వదులుకోవడం కష్టంగానే ఉంటుంది, కానీ విడిపోయాక కూడా ఒకే అప్పుకు ఇద్దరూ కట్టుబడి ఉండటం అంతకంటే కష్టం.

పిటిషన్

హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి కింద ఇద్దరూ కలిసి వేయాలి. అప్పటికి కనీసం ఏడాదిగా విడిగా ఉంటూ ఉండాలి. ఒకే కప్పు కింద ఉన్నా దాంపత్యం లేకపోతే విడిగా ఉన్నట్టే. పెళ్లి జరిగిన చోట, చివరిసారి కలిసి కాపురం ఉన్న చోట, లేదా భార్య ప్రస్తుతం ఉంటున్న చోట ఉన్న ఫ్యామిలీ కోర్టులో వేయవచ్చు. పెళ్లి ఫొటోలు, శుభలేఖ లేదా మ్యారేజ్ సర్టిఫికెట్, ఆధార్, చిరునామా రుజువు, ఇద్దరి అఫిడవిట్లు, ఒప్పంద పత్రం జతచేస్తారు. స్థిరాస్తి ఉంటే దాని హద్దులతో సహా షెడ్యూలును పిటిషన్‌లోనే పెట్టమని వకీలును అడగండి. కేసులో లేని ఆస్తిని రాజీ డిక్రీలో కలిపితే, రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఆ డిక్రీని కూడా రిజిస్టర్ చేయించాల్సి వస్తుంది.

మొదటి మోషన్‌లో, అంటే ఇద్దరూ కోర్టు ముందు మొదటిసారి హాజరైనప్పుడు, వాంగ్మూలాలు తీసుకుంటారు. పిటిషన్ వేసిన రోజు నుంచి ఆరు నెలల తర్వాత, పద్దెనిమిది నెలలలోపు రెండో మోషన్. అప్పటికే ఏడాదిన్నరగా విడిగా ఉండి, భరణం, పిల్లల సంగతి, ఆస్తులు అన్నీ తేలిపోయి ఉంటే ఆ ఆరు నెలలను మినహాయించమని అడగవచ్చు. 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇది. మినహాయించాలా వద్దా అన్నది జడ్జి ఇష్టం.

ఎప్పుడు ఇవ్వాలి

డిక్రీ వచ్చేదాకా ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. అందుకే మొత్తం డబ్బు ముందే ఇచ్చేయకూడదు, మొత్తం తర్వాతకూ వదలకూడదు. కొంత మొదటి మోషన్ రోజున, మిగతాది రెండో మోషన్ రోజున కోర్టులోనే డీడీ రూపంలో ఇచ్చి, నంబర్లు రికార్డు చేయించడం మంచి పద్ధతి.

ఫ్లాటు, స్థలం బదిలీని మాత్రం డిక్రీకి ముందే, రెండో మోషన్‌కు దగ్గరి తేదీన పెట్టుకోండి. కుటుంబ సభ్యుల మధ్య డబ్బు తీసుకోకుండా ఆస్తి రాసిచ్చే గిఫ్టు సెటిల్‌మెంట్‌కు రెండు రాష్ట్రాల్లోనూ స్టాంపు డ్యూటీ తక్కువ. డిక్రీ వచ్చిన మరునాటి నుంచి మీరు ఒకరికొకరు బయటివారే. విడిగా బతకడానికి కుదిరిన ఒప్పందంలో భాగంగా ఇచ్చిన ఆస్తి మీద వచ్చే అద్దెను ఇచ్చినవారి ఆదాయంలో కలిపి పన్ను వేయరు. కాబట్టి ఆ ఒప్పందం తేదీ ఎక్కడ ఎలా ప్రస్తావించాలో దస్తావేజు రాసేవారితో ముందే మాట్లాడండి. తెలంగాణలో వ్యవసాయ భూమి అయితే రిజిస్ట్రేషన్ తహసీల్దారు కార్యాలయంలోనే జరుగుతుంది.

పిల్లల పోషణ హక్కును తల్లిదండ్రులు రాసిచ్చేయలేరు. ‘ఇక ఏమీ అడగం’ అని రాసినా అది బిడ్డకు వర్తించదు, పరిస్థితి మారితే కోర్టు మళ్లీ చూస్తుంది. స్కూలు ఫీజు, వైద్యం, పాస్‌పోర్టు సంతకాలు విడివిడిగా రాయండి. ఒకరి మీద ఒకరు పెట్టుకున్న కేసులు ఉంటే, హైకోర్టులో వాటిని కొట్టేయించే క్వాష్ పిటిషన్‌కు ఎవరు ఎప్పుడు సహకరిస్తారో కూడా ఇదే పత్రంలో ఉండాలి.

విదేశాల్లో ఉన్నవారికి

అమెరికా కోర్టు డిక్రీ ఇక్కడ చెల్లుతుందని ముందే అనుకోకండి. తిరుపతిలో జరిగిన ఒక పెళ్లికి మిస్సోరి కోర్టు ఇచ్చిన విడాకులను సుప్రీంకోర్టు 1991లో అంగీకరించలేదు. ఇద్దరూ మనస్ఫూర్తిగా ఆ కోర్టుకు ఒప్పుకుని, విడాకులకు సమ్మతిస్తే వేరే సంగతి. ఇక్కడి ఆస్తులకు ఇక్కడే పత్రాలు కావాలి. రాలేనివారు భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన జీపీఏ (తమ తరఫున మరొకరు సంతకం చేసేందుకు ఇచ్చే అధికార పత్రం) పంపవచ్చు.

డిక్రీ తర్వాత

సర్టిఫైడ్ కాపీలు నాలుగైదు తీసుకోండి. పీఎఫ్, ఎల్ఐసీ, బ్యాంకు ఖాతాల్లో నామినీగా ఉన్న పేరు విడాకులతో దానంతటదే పోదు, ఫారం ఇచ్చి మార్చాలి. ఉమ్మడి ఖాతాలు, లాకరు మూసేయండి. మున్సిపల్ రికార్డులో, కరెంటు బిల్లులో పేరు మార్పించి, నెల తర్వాత ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ధ్రువపత్రం) తీసి, కొత్త దస్తావేజు అందులో ఎక్కిందో లేదో చూసుకోండి.