రొయ్యల చెరువు మీద ఒంటి చేత్తో తెరిచే చాకు

మడత చాకును కొట్లో పొడి చేత్తో తెరిచి చూసి కొనకండి. అంతర్వేది, సఖినేటిపల్లి వైపు మా రొయ్యల చెరువుల మీద పనిచేసే చెయ్యి పొడిగా ఉండేది తక్కువ. ఎడమ చేతిలో, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే తాడు ఉంటుంది. కుడి చేతికి మేత పొడి, రొయ్యల జిగురు అంటుకుని ఉంటాయి. కాళ్ల కింద పడవ కదులుతూ ఉంటుంది. ఆ సమయంలో చాకు తెరవడానికి రెండో చెయ్యి ఖాళీ ఉండదు. పళ్లతో తెరిచేవాళ్లను చూస్తే నాకు ప్రాణం మీదికి వచ్చినట్టు ఉంటుంది. అందుకే ఏ చాకునైనా నేను రెండే ప్రశ్నలు అడుగుతాను: జారే చేతితో తెరుచుకుంటుందా? అదే చేత్తో వేలు తెగకుండా మూయగలమా?

నా మొదటి ఓటు రంధ్రానికి. బ్లేడు వెన్ను దగ్గర బొటనవేలు ఆనేంత గుండ్రటి రంధ్రం ఉంటుంది. అమెరికాలోని స్పైడర్కో కంపెనీ 1981లో తెచ్చిన చాకుతో ఈ పద్ధతి పేరు పొందింది. వేలి కండ కొంచెం రంధ్రంలోకి దిగి అంచును పట్టుకుంటుంది కాబట్టి తడి ఉన్నా, రబ్బరు తొడుగు ఉన్నా పట్టు పోదు. బయటికి పొడుచుకు వచ్చే భాగం లేనందున మేత బస్తాను లోతుగా కోసేటప్పుడు ఏదీ అడ్డం తగలదు. రంధ్రానికి చోటు కావాలి కనుక బ్లేడు వెడల్పుగా ఉంటుంది, చాకు జేబులో కాస్త లావుగా అనిపిస్తుంది. దాన్ని నేను లోపంగా లెక్కపెట్టను.

తెరిచే తీరు ఇది. నాలుగు వేళ్లూ పిడి వెనక వైపు ఉండాలి, కానీ వాటి కొసలు బ్లేడు నడిచే దారిలోకి రాకూడదు. బొటనవేలిని రంధ్రంలో ఆనించి, బ్లేడును పైకి తోయకుండా పక్కకు అర్ధవృత్తంలా నడిపించాలి. చాలామంది పిడిని గట్టిగా పిసికి పట్టుకుని, చాకు బిగిసిపోయిందని అంటారు. తెరిచిన బ్లేడు మూసుకుపోకుండా పిడి లోపలి రేకు తాళంగా పనిచేసే చాకుల్లో ఆ రేకు మీద వేలు నొక్కితే అది బ్లేడును ఇంకా బిగించి పట్టుకుంటుంది. వేళ్లు కాస్త వదులు చేస్తే చాలు, బ్లేడు కదులుతుంది.

రంధ్రానికి బదులు చిన్న బొడిపె ఉన్న చాకులు మార్కెట్లో ఎక్కువ, చౌక కూడా. పని పద్ధతి అదే. బొడిపె మరీ ఇరుసుకు దగ్గరగా ఉంటే బ్లేడు కదలడానికి బలం ఎక్కువ కావాలి, మరీ దూరంగా ఉంటే వేలు అందదు. నున్నటి బొడిపె మీద జిగురు చెయ్యి జారుతుంది, గరుకు గీతలు ఉన్నదే తీసుకోండి. ఎడమ చేతివాటం వారైతే బొడిపె రెండు వైపులా ఉందో లేదో ముందే చూసుకోండి.

మీట ఉన్న చాకులు వేగంగా తెరుచుకుంటాయి. మూసినప్పుడు వెన్ను వైపు చిన్న మీట బయటికి కనిపిస్తుంది. చూపుడు వేలితో దాన్ని వెనక్కి లాగితే బ్లేడు ఒక్కసారిగా బయటికి వస్తుంది. తెరుచుకున్నాక ఆ మీటే వేలు పదును మీదికి జారకుండా అడ్డుగా నిలుస్తుంది, ఆ గుణం నాకు నిజంగా నచ్చుతుంది. కానీ ఇలాంటి చాకులు చాలావాటిలో ఇరుసు చుట్టూ చిన్న బాల్ బేరింగులు ఉంటాయి. మన డెల్టా ఒండ్రు అందులో చేరితే బ్లేడు సగంలో ఆగుతుంది, సగం తెరిచిన చాకుకు తాళం పడదు. బురదలో పని అయితే బేరింగుల బదులు కంచు వాషర్లు ఉన్నది మేలు. కార్యాలయంలో, దుకాణంలో పనిచేసేవారికి మీట చాకు చక్కగా సరిపోతుంది.

అమెరికా ఎమర్సన్ కంపెనీ చాకులు చాలావాటిలో బ్లేడు వెన్నుకు కొక్కెం ఉంటుంది. జేబులోంచి లాగుతుండగా కొక్కెం జేబు అంచుకు తగులుకుని బ్లేడు దానంతటదే తెరుచుకుంటుంది. లుంగీ కట్టి చెరువులో దిగేవారికి ఇది పనికిరాదు. స్ప్రింగుతో తెరుచుకునేవీ నేను సిఫారసు చేయను, ఉప్పు నీటికి ముందు పాడయ్యేది స్ప్రింగే. ఫ్రాన్సు ఒపినెల్ నాకు ఇష్టమైన చాకే, ఇంట్లో మామిడికాయ కోయడానికి దాన్ని మించింది లేదు. కానీ దాన్ని గోటితో రెండు చేతులా తెరవాలి, పైగా వర్షాకాలంలో చెక్క పిడి ఉబ్బి బ్లేడును పట్టేస్తుంది.

ఎక్కువమంది తెగ్గొట్టుకునేది తెరిచేటప్పుడు కాదు, మూసేటప్పుడే. రేకు తాళాన్ని బొటనవేలితో పక్కకు నెట్టాలి, చూపుడు వేలితో బ్లేడును కొంచెం మడవాలి, తర్వాత బొటనవేలిని దారిలోంచి తీసేసి అప్పుడు పూర్తిగా మూయాలి. ఈ వరుస తప్పకూడదు. పిడికి అడ్డంగా చిన్న కడ్డీ ఉండే తాళం ఇంకా భద్రం, దాన్ని వెనక్కి లాగేటప్పుడు ఏ వేలూ పదును ఎదుట ఉండదు. తొడకు ఆనించి మూయడం మా కుర్రాళ్లకు అలవాటు, అది మానిపించే వరకు నేను ఊరుకోను. కొత్త చాకు పదునుకు ఎలక్ట్రికల్ టేపు చుట్టి, గట్టు మీద కూర్చుని తెరవడం, మూయడం చెయ్యి తిరిగేదాకా సాధన చేయండి. చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్ రెక్కకు చుట్టుకున్న తాడును కోయాలంటే మాత్రం ముందు కరెంటు ఆపండి, చాకు తర్వాత.

పిడి చివర రంధ్రం ఉంటే సన్నటి తాడు వేసి మొలతాడుకు కట్టుకోండి, నీళ్లలో పడితే చేతికి తిరిగి వస్తుంది. సాయంత్రం మంచినీళ్లతో కడగండి. మన తీరంలో చాలా బోర్ల నీరు ఉప్పన, ఆ నీళ్లతో కడిగితే తుప్పు ఆగదు. తుడిచి ఆరబెట్టాక ఇరుసు దగ్గర కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేయండి. ఇంట్లో కొబ్బరినూనె ఎంత ఉన్నా అది వద్దు, కొన్నాళ్లకు జిడ్డుకట్టి ఒండ్రును పట్టుకుంటుంది.