మిరుగం రాకముందే ఊరి కాయితాలను గట్టెక్కించండి

శ్రీశైలం జలాశయం కింద మునిగిన ఊళ్ల గుళ్లలో కొన్ని దక్కాయి. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట కూడవెల్లిలో ఉన్న సంగమేశ్వరాలయాన్ని విప్పి తెచ్చి ఆలంపూర్‌లో మళ్లీ కట్టారు. ఇళ్లలోని కాయితాలను మాత్రం ఎవరికి వాళ్లే మోసుకొచ్చుకున్నారు. 1980ల మొదట్లో నెత్తిన పెట్టుకుని తెచ్చిన ఆ సందూకల్లోనే (పెట్టెల్లోనే) మునిగిన ఊళ్ల చరిత్ర చాలావరకు ఇప్పటికీ ఉంది. పాలమూరు నదీతీరపు ఊళ్లలో ఏ పాత ఇంటి అటక వెతికినా ఖాస్రా పహాణీ (పాత భూమి రికార్డు) నకలో, పెళ్లి ఫోటోనో, బాగోతం రాసుకున్న నోటుపుస్తకమో దొరుకుతుంది.

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలును, ఆలంపూర్‌ను, నేతగాళ్ల ఊరు రాజోలిని ముంచెత్తిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. అంతటి వరద ఎప్పుడో గానీ రాదు. ఉరిసే మిద్దె మాత్రం ఏటా ఉరుస్తుంది. నా లెక్కన మన కాయితాలను నది కన్నా ఎక్కువగా పాడుచేస్తున్నది ఇంటి కప్పే. అందుకే ఈ పనులు మిరుగానికి, అంటే మృగశిర కార్తెకు, ముందొచ్చే రోహిణి కార్తెలోనే మొదలుపెట్టండి. గాలి పొడిగా ఉన్నప్పుడు తెరిచిన కాయితం నిలుస్తుంది. ముసురు పట్టాక తెరిస్తే చెమ్మ పీల్చుకుంటుంది.

మొదట ఫోటో తీయండి, సర్దడం తర్వాత. సర్దేటప్పుడే చిరుగులు పడతాయి, వరుస తప్పుతుంది. కాయితాన్ని నీడలో బల్ల మీద పరిచి, నాలుగు మూలలూ కనపడేట్టు నిటారుగా పైనుంచి తీయండి. వెనకవైపు కూడా తీయండి, తేదీలూ సంతకాలూ తరచుగా అక్కడే ఉంటాయి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అక్షరాలు మసకబారుతాయి, డాక్యుమెంటుగా పంపాలి. ఒక ప్రతి ఫోన్లో, ఇంకొకటి వేరే ఊళ్లో ఉండే బంధువుల దగ్గర ఉంచండి. ఒకే ఇంట్లో రెండు ప్రతులుంటే ఆ ఇల్లు మునిగినప్పుడు రెండూ పోతాయి.

ఉర్దూలో ఉన్నవాటిని చదవరాదని పక్కకు నెట్టొద్దు. నిజాం కాలపు రెవెన్యూ రికార్డులు ఎక్కువగా ఉర్దూవే. సేత్వార్‌లో (భూమి సర్వే రిజిస్టరులో), పహాణీలో ఊరి చెరువులు, కుంటలు, ఇనాములు, పట్టాదార్ల పేర్లు ఉంటాయి. భూమి తగాదా తీరాక వీటిని పారేసే ఇళ్లు చాలా ఉన్నాయి. తగాదా తీరినా అందులో మీ ముత్తాత పేరు ఉంటుంది కదా!

బాగోతం, చిరుతల రామాయణం నోటుపుస్తకాల విషయంలో ఇంకాస్త పైలం (జాగ్రత్త). వీటిలో కొన్ని కాపీయింగ్ పెన్సిల్‌తో రాసినవి. ఆ రాత పొడిగా ఉన్నన్నాళ్లు బూడిద రంగులో మామూలు పెన్సిల్ రాతలాగే కనిపిస్తుంది. ఒక్క నీటిచుక్క పడితే ఊదారంగుకు తిరిగి చుట్టూ పాకుతుంది. దాన్ని మళ్లీ అక్షరంగా చేయలేం. పేజీ తిప్పడానికి వేలు నాలుకకు అద్దుకునే అలవాటుంటే వాటి దగ్గర మానుకోండి. అరుగు మీద కూర్చుని ఆ పదాలు పాడగలిగినవాళ్లు ఊరికి ఒకరిద్దరు మిగిలారు, పుస్తకం పోతే వాళ్లకు కూడా ఆధారం ఉండదు.

ఇక సర్దడం. తుప్పు పట్టిన గుండుసూదుల్ని, క్లిప్పుల్ని లాగకుండా వంచి మెల్లగా తీసేయండి. తుప్పు కాయితాన్ని తినేస్తుంది, చెమ్మ తగిలితే ఇంకా తొందరగా తింటుంది. చిరిగినచోట సెల్లోటేప్ వేయొద్దు. దాని జిగురు కొన్నేళ్లకు పసుపుపచ్చగా మారి అక్షరాలను కమ్మేస్తుంది. లామినేషన్ అసలే వద్దు, వేడితో అంటించిన ప్లాస్టిక్‌ను మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం. పాత నూలుబట్టలో చుట్టి రేకు సందూకలో పెట్టండి. సందూకను నేల మీద కాకుండా కింద ఇటుకలు గానీ కర్రలు గానీ పెట్టి జానెడు ఎత్తున, గోడకు ఆనకుండా ఉంచండి. చెదలు గోడ వెంబడే ఎక్కుతాయి. వసకొమ్ము, వేపాకు మూటకట్టి మూలన పెట్టడం పెద్దల నుంచి వచ్చిన పద్ధతి, మంచిదే. పచ్చి ఆకు మాత్రం వద్దు, అదే చెమ్మ తెస్తుంది.

తాటాకు కట్టలుంటే వాటిని తెరవడానికి తొందరపడొద్దు. పెళుసుబారిన ఆకు దారం గుచ్చిన కన్నం దగ్గరే విరుగుతుంది. హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలో ఉన్న ప్రాచ్యలిఖిత గ్రంథాలయం వాళ్లకు చూపించండి. పాత దస్తావేజుల సంగతి తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో (ఆర్కైవ్స్‌లో) అడగొచ్చు.

తడిసిపోతే ఏం చేయాలో ఇంట్లో అందరికీ ముందే చెప్పి పెట్టండి. కరెంటు ఆపకుండా నీళ్లున్న ఇంట్లోకి దిగొద్దు, వరద తీసిన ఇళ్లలో పాములుంటాయి. కాయితం కోసం ప్రాణం మీదికి తెచ్చుకోకండి. ఆ తర్వాత మాత్రం ఆలస్యం చేయొద్దు, రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది. ఎండలో పరచొద్దు, ఇస్త్రీ చేయొద్దు. నీడలో ఫ్యాన్ గాలికి, అచ్చులేని తెల్లకాయితాలు మధ్యమధ్య పెట్టి, అవి తడవగానే మార్చుతూ ఆరబెట్టాలి. అతుక్కున్న పేజీల్ని బలవంతంగా విడదీయొద్దు. బూజు పట్టినవాటిని ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆరుబయటే దులపండి.

ఫ్రేముల్లోని ఫోటోల సంగతి వేరు. నీళ్లు దిగిన ఫ్రేము అట్లాగే ఆరితే ఫోటో అద్దానికి అంటుకుపోతుంది. తడిగా ఉన్నప్పుడే వెనక అట్ట విప్పి తీసి, బురద ఉంటే మంచినీళ్లలో ఆడించి, బొమ్మ పైకి ఉండేట్టు ఆరబెట్టండి. ఇప్పటికే అంటుకుపోయి ఉంటే గోకొద్దు, మొహాలు అద్దం మీదే ఉండిపోతాయి. అద్దంతో సహా ఫోటో తీసి అట్లాగే దాచండి.

ఊరి బయట శాసనాలు, వీరగల్లులు (వీరుల గుర్తుగా నిలిపిన రాళ్లు) ఉంటే బోనాల ముందు వాటికి ఆయిల్ పెయింట్ వేయకుండా యువజన సంఘాలతో మాట్లాడండి. రంగు కింద చెమ్మ చిక్కి రాయి పొరలుగా ఊడుతుంది. ఇనుప బ్రష్షు, యాసిడ్ ముట్టించొద్దు. అక్షరాలు కనపడకపోతే పొద్దున్నే ఏటవాలు వెలుతురులోనో, రాత్రి పక్కనుంచి టార్చి వేసో ఫోటో తీస్తే సుద్ద పూయకుండానే తేలుతాయి. రాయిని కదిలించకండి, అది ఏ దిక్కుకు ఏ పొలంలో నిలబడిందన్నది కూడా చరిత్రే. నేలలో పాతిన నిధి దొరికితే 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టర్‌కు తెలపాలి. గుప్తనిధుల పేరుతో రాత్రిళ్లు తవ్వేవాళ్లు కనపడితే పోలీసులకు చెప్పండి.

జలాశయం వెనక్కి తగ్గినప్పుడు పాత ఊరి గోడలు చూడ్డానికి వెళ్లేవాళ్లు ఎగువనున్న ఆల్మట్టి, నారాయణపూర్ డ్యాముల వార్తలు కనుక్కుని వెళ్లాలి. అక్కడ గేట్లు ఎత్తితే జూరాల డ్యాము మీదుగా నీళ్లు మన దాకా వస్తాయి. ఎండిన ఒండ్రు పైపొర గట్టిగా కనిపించినా కింద మెత్తగా ఉంటుంది, ఒంటరిగా దిగొద్దు. లైఫ్ జాకెట్ లేకుండా పుట్టి ఎక్కొద్దు.

వెళ్లలేని పెద్దవాళ్లను ఇంటి దగ్గరే అడగండి. పటం గీయమంటే జంకుతారు. వాకిట్లో ముగ్గుపిండి చేతికిచ్చి, "అవ్వా, మీ ఇల్లేడ? బాయేడ? బొడ్రాయేడ?" అని అడిగితే వీధులన్నీ వాళ్లే గీస్తారు. మిద్దె ఎక్కి ఫోటో తీయండి, వాళ్ల మాటను ఫోన్లో రికార్డు చేయండి. రికార్డు చేసేటప్పుడు ఫ్యాన్ ఆపండి. పేరు, ఊరు, తేదీ మొదట్లోనే గట్టిగా చెప్పించండి.

వానాకాలంలో వారానికోసారి సందూక ఉన్న మూలను చూస్తూ ఉండండి, గోడ మీద మట్టిగీత కనపడితే చెద మొదలైనట్టే. దసరాకు ఇల్లు దులిపే రోజు వాన లేకుంటే మూటలు విప్పి, బట్టలు మార్చి, ఫోన్లోని ఫోటోలతో ఒక్కొక్కటి సరిచూసుకుని మళ్లీ కట్టండి.