చింతపిక్కలతో స్వతంత్ర వ్యూహనం: రెండు చెంబుల పద్ధతి

బఠాణీల మీద ప్రయోగాలు చేసి వారసత్వ సూత్రాలు కనిపెట్టిన మెండెల్ రెండు లక్షణాల్ని కలిపి చూస్తే వచ్చిన నిష్పత్తి 9:3:3:1 అని పదో తరగతి పిల్లలు ఇట్టే రాసేస్తారు. అది ఎక్కణ్ణుంచి వచ్చిందంటే మాత్రం తెల్లమొహం వేస్తారు. స్వతంత్ర వ్యూహనమంటే ఒక లక్షణం ఇంకోదానితో ముడిపడకుండా దేనికదే తర్వాతి తరానికి చేరడం. చేత్తో చేయిస్తే తలకెక్కుతుంది. ఎండాకాలం చింతపండు కొట్టే శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పిక్కలకి కరువేముంది? ఒకే సైజువి 40 ఏరండి. చెయ్యి పట్టే చెంబులు రెండు కావాలి.

ఆటకి రుద్దినట్టు పిక్కల్ని అరగదీయొద్దు. రుద్దిన చోటు గరుకుగా తగిలి, చూడకపోయినా వేలు పట్టేస్తుంది. గవ్వల్లా విసిరినా అరిగిన పిక్క రెండు వైపులా సమానంగా పడదు. అందుకని అన్నిటికీ ఒకే మందంలో గోళ్లరంగు చుక్క పెట్టండి, 20కి ఎరుపు, 20కి తెలుపు. ఆరాక చెంబుకి 10 ఎర్రచుక్కవి, 10 తెల్లచుక్కవి.

మొదటి చెంబు బఠాణీ గింజ ఆకారం: ఎర్రచుక్కంటే గుండ్రన, తెల్లచుక్కంటే ముడత. రెండోది గింజ రంగు: ఎర్రచుక్కకి పసుపు, తెల్లచుక్కకి ఆకుపచ్చ. ఎర్రచుక్క బహిర్గతం, అంటే జతలో ఒక్కటున్నా దాని లక్షణమే పైకి కనిపిస్తుంది.

చూడకుండా చెంబుకొక పిక్క తీస్తే ఒక సంయోగబీజం (తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చే బీజకణం). రాసుకుని, ఏ చెంబువి ఆ చెంబులో వేసి, కలిపి మళ్లీ తీస్తే రెండోది. రెండూ కలిపి ఒక గింజ. 20 జంటల పిల్లలు ఎనిమిదేసి చేస్తే 160 గింజలు. గుండ్రన పసుపు 90, గుండ్రన ఆకుపచ్చ 30, ముడత పసుపు 30, ముడత ఆకుపచ్చ 10 దరిదాపుల్లో రావాలి.

తిరిగి వెయ్యడం మరిచిపోవడమే ఎక్కువగా జరిగే తప్పు. ఒక తెల్లచుక్క బయటే ఉంటే రెండోసారి తెల్లది వచ్చే వీలు సగం నుంచి 19లో 9కి పడిపోతుంది, ముడత ఆకుపచ్చవి తగ్గుతాయి. 16 గింజలతోనే ఆపేసి నిష్పత్తి రాలేదనడం ఇంకో తప్పు. మెండెల్ 556 గింజలు లెక్కపెడితే ఇదే వరసలో 315, 108, 101, 32 వచ్చాయి.

తేడా మరీ ఎక్కువైందనిపిస్తే కై-వర్గం (ఆ తేడా కాకతాళీయంగా వచ్చేదేనా అని చూసే లెక్క) వెయ్యండి. ఒక్కో రకానికి వచ్చినదానికీ రావలసినదానికీ తేడాని వర్గం చేసి, రావలసినదానితో భాగించి, నాలుగూ కూడాలి. 84, 27, 35, 14 వస్తే మొత్తం 3.13. నాలుగు రకాలున్నప్పుడు వాడే హద్దు 7.82, అది దాటనంతవరకు అనుమానం అక్కర్లేదు.

చెంబులు రెండున్నాయి కాబట్టే ఇలా వచ్చింది. వేరే వేరే చెంబులంటే వేరే వేరే క్రోమోజోములు. ఇప్పుడు ఆకారం పిక్కకి రంగు పిక్కని, ఏది ఏదో తర్వాత తెలిసేలా, దారంతో కట్టండి, ఎరుపుకి ఎరుపు, తెలుపుకి తెలుపు. 20 జతల్నీ ఒకే చెంబులో వేసి, సంయోగబీజానికి ఒక జత తీయండి. 120 గుండ్రన పసుపు, 40 ముడత ఆకుపచ్చ, ఆ చుట్టుపక్కలే. మిగతా రెండు రకాలు అసలు రావు. తర్వాత 2 ఎర్ర జతలు, 2 తెల్ల జతలు విప్పి, ఎరుపుకి తెలుపు, తెలుపుకి ఎరుపు మార్చి కట్టండి. వినిమయం (జత క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం) జరిగినట్టన్నమాట. ఈసారి ఆ మిగతా రెండు రకాలు కూడా వస్తాయి: మొదటి వరసలోనే అంచనా 106, 14, 14, 26.